ఏడు రాత్రులు, సర్వనాశనంతో కలిపి

ఎర్చీ ఫ్లెట్‌కి ఉన్న గుణం ఒక్కటే. ఏ నష్టమైనా సరే, అది జరగకముందే నలుగురికీ వినపడేలా ప్రకటించేవాడు. తీరా ఆ నష్టం జరగకపోతే చిన్నబుచ్చుకునేవాడు కాదు. ఇంకా టైముందిలే అనేవాడు.

ఈ గుణం పుట్టుకతో వచ్చిందా, ఉద్యోగంతో వచ్చిందా అన్నది ఆయన ఊరు పోర్ట్‌గార్వీలో ఎవరూ తేల్చలేకపోయారు. ఆయన రేవు దగ్గర పొగమంచు కొమ్ముకి కాపరి. సముద్రం మీద మంచు కమ్మి పడవలవాళ్లకి ఒడ్డు కనపడనప్పుడు ఆ పెద్ద కొమ్ము మోగించి, ఇటు రాళ్లున్నాయి, పగిలి చస్తారు అని చెప్పడం ఆయన పని. ముప్పై ఏళ్లు అదే చెప్పాడు. ఆ తర్వాత పైవాళ్లు దానంతటదే మోగే యంత్రం ఒకటి పెట్టి, ఎర్చీ చేతికి గోడగడియారం ఇచ్చి ఇంటికి పంపేశారు. యంత్రం పనిచేయదన్నాడు ఎర్చీ. పనిచేసింది. గడియారం మాత్రం వారం తిరక్కుండా ఆగిపోయింది. ఆ సంగతి ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చాడు. అంత హుషారుగా ఆయన్ని ఊరు అంతకుముందు చూళ్లేదు.

ఆయన పెళ్లినాడు చర్చిలో పాస్టరు, ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరముందా అని అడిగి ఒక్క క్షణం ఆగాడట. ఆ నిశ్శబ్దంలో పెళ్లికొడుకే, "ఎవరో ఒకరు లేస్తారు చూడండి," అన్నాడట. ఎవరూ లేవలేదు. ఆయన భార్య జీన్ ఇప్పటికీ చర్చిలో కూర్చుంటే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటుంది, అలవాటైపోయి.

ఈ ఎర్చీ ఏటా జనవరిలో, వాన పక్కవాటంగా కొట్టే ఏదో ఒక పొద్దున, పెద్దవీధిలో నెట్టా మేర్ కొట్లోకి వచ్చేవాడు. నెట్టాది సెలవుల కొట్టు. విమానం టిక్కెట్లు, హోటళ్లు, నౌకాయానాలు అన్నీ అక్కడే కుదిర్చిపెట్టేది. పోర్ట్‌గార్వీ గోల్ఫ్ క్లబ్బులో మంగళవారాలు ఆడే ఎనిమిది మంది ముసలాళ్లు ప్రతి మార్చిలోనూ ఓ వారం పోర్చుగల్ వెళ్లి ఆడి వచ్చేవారు. ఆ యాత్ర ఏర్పాట్లన్నీ ఎర్చీవి. అలాంటి మనిషికి ఆ పని ఎందుకప్పజెప్పారంటే, మొదటి ఏడాది హెక్టర్ ఇనిస్‌కి అప్పజెప్పి చూశారు. హెక్టర్ మాంసం కొట్టు యజమాని, క్లబ్బుకి కెప్టెను, దేనికీ తడుముకోని మనిషి. ఆ ఏడు హోటల్ ఒక ఊళ్లో, మైదానాలు ఇంకో ఊళ్లో, మధ్యలో మూడు గంటల బస్సు. ఎర్చీ చేతికొచ్చాక ఒక్కటీ తప్పలేదు. తప్పే అవకాశం ఉన్న వాటన్నిటికీ ముందే ఏడ్చేసేవాడు కాబట్టి, వాటికి తప్పే ధైర్యం ఉండేది కాదు.

"విమానం ఆబర్డీన్ నుంచేనా?" అనడిగేవాడు, తడి టోపీ మోకాలి మీద పెట్టుకుని.

"ఆబర్డీన్ నుంచే."

"మంచు పడుతుంది."

"మార్చి కదా ఎర్చీ."

"మార్చిలోనే పడుతుంది. పడదని అందరూ నమ్మే నెల అది. మరి గోల్ఫ్ కర్రల సంచులో?"

"మీతోపాటే, అదే విమానంలో."

"రావు. మేం పోర్చుగల్‌లో దిగుతాం, అవి నార్వేలో దిగుతాయి. నార్వేవాడెవడో వాటితో చేపల వల ఎండేసుకుంటాడు."

హోటల్లో ఈతకొలను ఉందని నెట్టా చెబితే ఎవరో మునుగుతారనేవాడు. లోతు తక్కువేనంటే, అయితే తల పగులుతుందనేవాడు. ఈ ధోరణిలో ఓ పూట గడిచేది. నెట్టాకి విసుగొచ్చేది కాదు. గిరాకీ లేని మధ్యాహ్నాలు రంగురంగుల సెలవుల పుస్తకాలు తిరగేస్తూ, ఈ నీలి సముద్రాన్ని చూస్తే ఎర్చీ ఏమంటాడా అని ఊహించుకుని తనలో తనే నవ్వుకునేది. ఆమె భర్త పోయి రెండేళ్లయింది. ఆ జనవరుల్లో ఆమెని నవ్వించింది ఈ ఒక్క మనిషే. ఆ సంగతి చెబితే ఎర్చీ నమ్మడు, నమ్మినా అది ఎక్కువకాలం సాగదంటాడు.

ఈ మధ్య మాత్రం ఆయన ప్రశ్నలు కొంచెం వింతగా మారాయి. మైదానంలో ఇసుక గుంటల్లో ఇసుక తెల్లగా ఉంటుందా, ఎర్రగానా? జెండాలు ఏ రంగు? గది నుంచి భోజనాల హాలుకి మెట్లున్నాయా, ఉంటే అంచుకి గీత కొట్టారా? ఇసుక రంగు కనుక్కోవడానికి నెట్టా పోర్చుగల్‌కి ఫోన్ చేసింది. అవతలివాడు వెళ్లి చూసొచ్చి, ఇసుక రంగులో ఉందండీ అన్నాడు.

హెక్టర్ గొడవ మొదలైంది ఈ ఏడాదే. వానలో తడిసి, ముంజేతులకి ఇంకా మాంసం కొట్టిన రవ్వలతో, కొట్లోకి వచ్చి తలుపు మూశాడు.

"ఈసారి టిక్కెట్లు ఏడుగురికే తియ్యి, నెట్టా."

"ఎవరు రావట్లేదు?"

"ఎర్చీ. వాడికింకా తెలీదు. నువ్వే చెప్పాలి."

గోల్ఫ్ ఆటలో ఒకడు బంతి కొడుతుంటే పక్కవాడు దగ్గకూడదు, జేబులో చిల్లర మోగించకూడదు. పోర్ట్‌గార్వీలో అది చర్చిలో కంటే గట్టిగా పాటిస్తారు. హెక్టర్ చెప్పేదేంటంటే, నాలుగేళ్ల కిందటి దాకా ఎర్చీ కూడా పాటించాడు. ఊరంతటిలో ఆయన నోటికి విశ్రాంతి దొరికే చోటు ఆ మైదానం ఒక్కటే. ఆ తర్వాత ఏం పుట్టిందో, బంతి కర్రని వదిలిందో లేదో మొదలుపెడతాడు. తన బంతికే కాదు, అందరి బంతులకీ. అయిపోయింది, ఎడమకి పోయింది, పసుప్పచ్చ ముళ్లపొదల అవతల, ఇక శవం కూడా దొరకదు. నిరుడు ఆఖరి రోజున పందెంలో గెలుపు హెక్టర్ చేతిలోకి వచ్చేసిందట. ఆ పందేనికి బహుమతి హెర్రింగ్ చేపల పీపా మూత ఒకటి, వార్నిష్ కొట్టి గెలిచినవాళ్ల పేర్లు చెక్కింది. హెక్టర్ కర్ర ఎత్తాడు. పక్క జట్టులోంచి, "జీన్‌కి కబురు పెట్టండి," అని కేక. హెక్టర్ బంతి చెరువులోకి వెళ్లింది. కేక వేసింది ఇంకెవరి బంతికో.

"పదిహేనేళ్ల నుంచీ ఆ మూత మీద నా పేరు లేదు," అన్నాడు హెక్టర్. "సెలవులకని వెళ్లి ఏడు రాత్రులు చావుకబుర్లు వినలేం. అందరం ఒక మాట అనుకున్నాం. ఇంకోటి, ఈసారి జోడీలు కూడా ఎర్చీ వేసినట్టు కాదు, టోపీలో చీటీలు వేసి తీస్తాం."

ఆ మాట ఎర్చీకి ఎలా చెప్పాలో నెట్టాకి తోచలేదు. అద్దం ముందు చెప్పి చూసుకుంది. వంటింట్లో కెటిల్‌కి చెప్పి చూసింది. రెండు చోట్లా సగంలోనే ఆపేసింది. ఏడాదంతా ముప్పు వస్తుందని చెబుతూ తిరిగే మనిషికి, నిజంగా వచ్చిన ముప్పు చెప్పాల్సింది తనా?

మర్నాడు ఎర్చీ వచ్చాడు. ఒంటరిగా కాదు, మాగ్నస్ కోవీని వెంటబెట్టుకుని. మాగ్నస్ ఒకప్పుడు సొంత చేపల పడవకి సరంగు. భారీ మనిషి, తెల్ల గడ్డం, నెమ్మది. పోర్చుగల్‌లో ఏటా ఎర్చీకి జోడీ ఆయనే.

నెట్టా కొత్త పుస్తకం తెరిచి మాగ్నస్ చేతిలో పెట్టింది, చెప్పాల్సిన మాట కాసేపు వాయిదా పడుతుంది కదా అని. మాగ్నస్ పుస్తకాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని, తల కొంచెం పక్కకి వాల్చి చూశాడు.

"సముద్రం బాగుంది," అన్నాడు.

ఆ పేజీలో ఉన్నది పళ్లెంలో వేయించిన సార్డీన్ చేపలు.

"చేపల మాటున సముద్రం కూడా ఉండే ఉంటుందిలే," అన్నాడు ఎర్చీ, ఊపిరి కూడా పీల్చుకోకుండా. "ముళ్లున్న చేపలు. ఎవడికో గొంతులో దిగుతుంది. అవతలి పేజీ చూడు, కుడివైపు. మైదానం. పొడుగ్గా, సన్నగా. ఎడమంతా నీళ్లు, కుడంతా పైన్ చెట్లు. మధ్యలో గుర్రపులాడం ఆకారంలో ఇసుక గుంట. అందులో పడ్డవాడు మళ్లీ బయటికి రాడు. కింద ధరలున్నాయి, చదవకు, ఏడుపొస్తుంది."

మాగ్నస్ పేజీ తిప్పాడు. "మరీ అంత ఘోరమా?"

"అంతకన్నా ఘోరం. జెండాలు ఎర్రవి. అదొక్కటే నయం."

టీ తెచ్చిన నెట్టా చేతిలో కప్పులు అలాగే ఉండిపోయాయి. ఒక కప్పు మాగ్నస్ ముందు బల్ల మీద పెట్టింది, చప్పుడు చేయకుండా, కావాలనే. ఎర్చీ ఆమె వైపు చూడనైనా లేదు.

"అయిపోయింది. టీ సరిగ్గా బల్ల అంచున, నీ ఎడం చేతి పక్కన. పిడి నీ వైపుంది. ప్యాంటు మీద ఒలికి కాలిపోతావు."

మాగ్నస్ ఎడం చెయ్యి నేరుగా పిడి మీదికి వెళ్లింది. కప్పు ఎత్తి, ఎటూ చూడకుండా, తాగాడు.

బయట ఆపిన తన వ్యాను ఇప్పటికి ఎవడో పట్టుకుపోయి ఉంటాడంటూ ఎర్చీ చూసి రావడానికి బయటికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. మాగ్నస్ కప్పు కింద పెట్టాడు.

"కనిపెట్టావు కదూ, పిల్లా?"

నెట్టా తలూపింది. తలూపితే ఆయనకి తెలియదని అప్పుడే తట్టి, "ఊఁ," అంది.

"చుట్టూ అంచులు కనిపిస్తాయి. మధ్యలో ఏమీ లేదు. నీ చెవులు కనిపిస్తున్నాయి, మొహం లేదు. బంతి కాళ్ల దగ్గరుంటే కొట్టగలను. కొట్టాక ఎక్కడికి పోయిందో దేవుడికీ ఎర్చీకీ తెలియాలి."

ఇది మొదలై నాలుగేళ్లయిందట. ఎవరికీ చెప్పలేదట. చెబితే అందరూ దయ చూపిస్తారు. చేపల వేటకెళ్లి గాలివాన తట్టుకున్నాడు గానీ, హెక్టర్ చూపించే దయ తట్టుకోవడం తనవల్ల కాదన్నాడు.

"ఎర్చీకి చెప్పారా మరి?"

"వాడికీ చెప్పలేదు. ఒక మంగళవారం కొట్టి, అటూ ఇటూ చూస్తూ నిలబడిపోయాను. మైదానంలో ఎప్పుడూ నోరెత్తనివాడు ఉన్నట్టుండి, అయిపోయింది, ఎడమ పొదల్లోకి పోయిందన్నాడు. వెళ్లి చూస్తే అక్కడే ఉంది. ఆ రోజు నుంచీ అందరి బంతులకీ ఏడుస్తున్నాడు. నా ఒక్కడికే ఏడిస్తే తెలిసిపోతుంది కదా." మాగ్నస్ గడ్డం నిమురుకున్నాడు. "వాడి ఏడుపులో కొలతలున్నాయి పిల్లా. అయిపోయింది అంటే పొడుగు గడ్డి. దేవుడా అంటే ఇసుక. జీన్‌కి కబురు పెట్టమంటే నీళ్లు."

"ఏమీ అనకపోతే?"

"బంతి చేరాల్సిన గుంత పక్కనే పడిందన్నమాట. సంతోషమొస్తే వాడికి నోట మాట రాదు." మళ్లీ కప్పు అందుకుని అన్నాడు, "మంచులో ఏమీ కనపడక, వాడి కొమ్ము విని ముప్పై ఏళ్లు ఇంటికి చేరాను. నాకిది కొత్తేం కాదు. ఎర్చీ రాకపోతే మాత్రం నాకు ఆ వారం నడుం నొప్పొస్తుంది. ఆ తర్వాత మంగళవారాలు కూడా వస్తుందనుకుంటా."

హెక్టర్ మాట ఆయన చెవిదాకా ఎలా చేరిందో నెట్టా అడగలేదు. మాంసం కొట్లో వరసలో నిలబడితే చాలు, ఏ మాటైనా తెలుస్తుంది.

ఎర్చీ వెనక్కి వచ్చాడు. వ్యాను ఉంది. ఆ విషయం కొంత నిరాశగా చెప్పాడు. మాగ్నస్‌ని ముందు పంపించి, తలుపు దగ్గర రెండు మెట్లు, రెండోది తడి, మెడ విరుగుతుంది అని చెప్పి, తాను వెనకే ఉండిపోయాడు. టోపీ చేతిలో తిప్పుతూ మామూలు గొంతుతో మాట్లాడాడు. ఆయనకి అలాంటి గొంతు ఒకటుందని నెట్టాకి అప్పటిదాకా తెలియదు.

"నన్ను తీసేయమన్నాడు కదమ్మా హెక్టర్?"

నెట్టా ఖాళీ కప్పులు ఏరడం మొదలుపెట్టింది.

"ఫర్వాలేదు. ఎప్పటికైనా జరుగుతుందని నేను చెబుతూనే ఉన్నాను. ఒక్కటి చూడు. మాగ్నస్‌ని ఎవడైనా వాగుడుకాయ పక్కన వేయించు. చీటీలంటున్నారు. అతనికి పెదవి విప్పనివాడు వస్తే..." ఏ ముప్పుకీ వెనకాడని మనిషి, ఆ ముప్పు పేరు మాత్రం పలకలేకపోయాడు. టోపీ పెట్టుకుని వానలోకి వెళ్లిపోయాడు.

నెట్టా ఆ సాయంత్రం కొట్టు మూసి, కిటికీ అద్దం మీద జారుతున్న వాన చూస్తూ చాలాసేపు కూర్చుంది. హెక్టర్‌కి నిజం చెప్పడానికి వీల్లేదు. బతిమాలితే వినే రకం కాదు. పోర్ట్‌గార్వీలో హెక్టర్ ఇనిస్ పాస్టరుతో వాదించాడు, పన్నులవాళ్లతో వాదించాడు, ఒకసారి సముద్రపు పోటుతో కూడా వాదించాడు. ఆయన జన్మలో ఎదురు చెప్పనిది ఒక్కటే, మైదానం తాలూకు స్థానిక నిబంధన. ప్రతి గోల్ఫ్ మైదానానికీ దానికంటూ కొన్ని సొంత నియమాలుంటాయి. స్కోరు రాసుకునే చీటీ వెనక చిన్న అక్షరాల్లో వేస్తారు. అలాంటి నిబంధన అని వినపడితే చాలు, హెక్టర్ టోపీ తీసేస్తాడు.

మర్నాడు నెట్టా మాంసం కొట్టుకి వెళ్లింది. సాసేజీలు కట్టించుకుంటూ, మామూలుగా అన్నట్టు అంది, పోర్చుగల్ మైదానంలో ఈ ఏడు కొత్త స్థానిక నిబంధన వచ్చిందని. హెక్టర్ కత్తి ఆగింది.

"ఏమని?"

"అక్కడ మార్చిలో కొంగలు గూళ్లు పెడతాయట. బంతి కోసం జనం తుప్పల్లో తిరిగితే అవి బెదిరిపోతున్నాయట. అందుకని ఆడేవాళ్లలో ఒకడు బంతి పడిన చోటు గట్టిగా, స్పష్టంగా ప్రకటించాలట. ప్రతి బంతికీ. జోడీలు కూడా ముందే రాయించాలట, అక్కడికెళ్లాక మార్చకూడదట."

హెక్టర్ చాలాసేపు ఆలోచించాడు. ఆలోచిస్తుంటే ఆయన మొహం మెల్లగా కిందికి జారింది, కొక్కెం నుంచి మాంసం జారినట్టు.

"గట్టిగా అంటే ఎంత గట్టిగా?"

"కొంగలకి కాదు, ఆటగాళ్లకి వినపడేంత అన్నారు. అనుభవం ఉన్నవాళ్లయితే మంచిదట."

"స్థానిక నిబంధన అంటే మరి పాటించాల్సిందే," అన్నాడు హెక్టర్, తన చావు తీర్పు తనే చదువుతున్నవాడిలా. సాసేజీలు పొట్లం కట్టాడు. కట్టిన పొట్లం విప్పి మళ్లీ కట్టాడు. "టిక్కెట్లు ఎనిమిది మందికీ తియ్యి. జోడీలు ఎప్పటిలాగే. ఎవరికీ చెప్పకు, నేనే అడిగానని."

వాళ్లు మార్చిలో వెళ్లారు. విమానం వేళకి లేచింది, కర్రలు వేళకి దిగాయి. ఆ వారమంతా పోర్ట్‌గార్వీలో వడగళ్లు. పొద్దున్నే రొట్టెల కొట్టు ముందు వరసలో జీన్ కనపడి, ఆయన లేకపోతే ఊరు ఎంత ప్రమాదంగా ఉంటుందో చూడు, ఒక్కడూ హెచ్చరించేవాడు లేడు అంది నెట్టాతో.

తిరిగొచ్చాక ముందు హెక్టర్ వచ్చాడు, ఎండకి ముక్కు తోలు ఊడిపోయి. స్కోరు చీటీ వెనక ఆ నిబంధన లేదన్నాడు. అక్కడివాళ్లని అడిగాడట. వాళ్లకి ఇంగ్లీషు అర్థం కాక నవ్వి భుజం తట్టారట. అచ్చు వేయడం మర్చిపోయారని తేల్చుకున్నాడట. లేకపోతేనేం, పాటించాం అన్నాడు. పాటిస్తే తేలిందేంటంటే, వారం మొత్తంలో ఎనిమిది మందిలో ఎవరికీ ఒక్క బంతీ పోలేదు. ఆ పీపా మూత మీద ఈసారి మాగ్నస్ పేరు పడింది. దానికి హెక్టర్ కొంత బాధపడ్డాడు గానీ, ఇంత క్రమశిక్షణగా గోల్ఫ్ తన జన్మలో ఆడలేదన్నాడు.

"అందుకని కెప్టెను హోదాలో మన క్లబ్బులో కూడా పెట్టించాను. నిన్న బోర్డు మీద వేశాం. నలుగురు కలిసి ఆడితే ఒకడు ప్రకటించి తీరాలి."

ఆ శనివారం నెట్టా సముద్రం పక్క దారిలో నడుస్తూ విన్నది. ఎప్పుడూ చీమ చిటుక్కుమనని మైదానం, ఆ చివర నుంచి ఈ చివర దాకా కేకలతో మోగిపోతోంది. కుడి గడ్డిలో. ఇసుకలో. గొర్రెల కంచె అవతల. బ్యాంకు మేనేజరు అరుస్తున్నాడు, పళ్ల డాక్టరు అరుస్తున్నాడు. వాటి మధ్య తెల్ల గడ్డం మనిషి ఒకడు ఎవరి సాయమూ లేకుండా, తన బంతి దగ్గరికి తిన్నగా నడిచి వెళుతున్నాడు. ఆయన్ని ఎవరూ ప్రత్యేకంగా చూడటం లేదు. చూడ్డానికి ఏమీ లేదు కూడా.

సోమవారం ఎర్చీ కొట్టుకి వచ్చాడు. పోర్చుగల్ బాదం మిఠాయి డబ్బా ఒకటి బల్ల మీద పెట్టాడు.

"తినకు. గట్టివి. పళ్లు విరుగుతాయి. పళ్ల డాక్టరు చూస్తే గోల్ఫ్ మైదానంలో గొంతు పోగొట్టుకున్నాడు." కుర్చీలో కూలబడ్డాడు. "క్లబ్బు అయిపోయింది అమ్మాయ్. అంతా అరుపులే. ఒక్కడికీ అరవడం రాదు. వారం రోజులూ ఎండ కాసింది, దానికి ఎక్కడో శిక్ష ఉంటుంది. పైగా అక్కడ ఒక్క కొంగ కూడా కనపడలేదు."

"ఒక్కటీ లేదా?"

"ఒక్కటీ లేదు." ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె మిఠాయి ఒకటి తీసి నోట్లో వేసుకుంది. మెత్తగా ఉంది.

"వచ్చే ఏడు కూడా ఎనిమిది మందికేనా, ఎర్చీ? జోడీలు అలాగే?"

ఎర్చీ నోరు తెరిచాడు. కాసేపు అలాగే ఉన్నాడు. మళ్లీ మూసుకుని, టోపీ పెట్టుకుని, తలూపి వెళ్లిపోయాడు.

ఆ బంతి ఎక్కడ పడిందో నెట్టాకి తెలిసింది.